గాజు బీరువాలోకి కాదు, గ్రౌండ్‌లోకి

పోయిన వార్షికోత్సవానికి వచ్చినవారికి గుర్తుండే ఉంటుంది. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మన పూర్వ విద్యార్థి ఒక అన్న, మైకు ముందు మాట్లాడడం అయిపోయాక సంచిలోంచి ఒక పొడవాటి అట్టపెట్టె తీసి వార్డెన్ సార్ చేతికిచ్చారు. వెనక వరుసలో కూర్చున్న మేము అది షీల్డు అనుకుని గట్టిగా చప్పట్లు కొట్టాం. తర్వాత స్టడీ హాల్లో విప్పి చూస్తే లోపల పలుచని కర్ర పలకలు, ఇనుప తీగ, మడతల దగ్గర చిరిగిన పసుపుపచ్చ కాగితం ఉన్నాయి. "ఇదేంట్రా, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ సామానులా ఉంది" అన్నాడు మాలో ఒకడు. అది విమానం. కాకపోతే దాన్ని మనమే చేసుకోవాలి.

ఏడాదిలో దాన్ని చేశాం, ఎగరేశాం, విరగ్గొట్టాం, మళ్లీ చేశాం, మళ్లీ ఎగరేశాం. ఇప్పుడు ఈ ఏడాది ఉత్సవాల కమిటీ మీటింగులో ఒక ప్రతిపాదన వచ్చింది. దాన్ని శుభ్రంగా తుడిచి, ఇచ్చిన అన్న పేరుతో ఒక బోర్డు రాయించి, లైబ్రరీ గదిలోని గాజు బీరువాలో పెట్టాలట. పెద్దలు మంచి మనసుతోనే అన్నారు. అయినా మాకు ఇష్టం లేదు. ఎందుకు ఇష్టం లేదో మీటింగులో సరిగా చెప్పలేకపోయాం. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

ఆ బీరువా సంగతి పాత బ్యాచ్‌ల వారికి మాకంటే బాగా తెలుసు. అందులో ఒక మైక్రోస్కోపు ఉంది. దాని మీద చుట్టిన ప్లాస్టిక్ కవరు ఇంతవరకూ ఎవరూ విప్పలేదు. ఒక గ్లోబు ఉంది, నాలుగు లావుపాటి విజ్ఞాన సర్వస్వాలు ఉన్నాయి. తాళంచెవి ఎవరి దగ్గర ఉందని అడిగితే ఒక్కో ఏడాది ఒక్కో పేరు చెబుతారు. పిల్లలు ముట్టుకుంటే పాడైపోతుందని భయం. మేం చెప్పేదల్లా ఒక్కటే: ముట్టుకోకపోతే పాడవదు నిజమే, కానీ ముట్టుకోని మైక్రోస్కోపుకీ మైక్రోస్కోపు బొమ్మకీ తేడా ఏముంది?

విమానం గురించి తెలియనివారి కోసం రెండు మాటలు. దీన్ని కంట్రోల్ లైన్ విమానం అంటారు. రిమోటు ఉండదు. పైలట్ మధ్యలో నిలబడి చేతిలో ఒక హ్యాండిల్ పట్టుకుంటాడు. హ్యాండిల్ నుంచి 2 సన్నటి స్టీలు తీగలు విమానం లోపలి రెక్క గుండా వెళ్లి బెల్ క్రాంక్ అనే చిన్న మీటకు తగులుతాయి. మణికట్టు పైకి వంచితే తోకలోని ఎలివేటర్ లేచి విమానం ఎక్కుతుంది, కిందికి వంచితే దిగుతుంది. విమానం మన చుట్టూ గిరగిరా తిరుగుతూ ఉంటే మనమూ దానితోపాటు తిరగాలి. 1940 ప్రాంతంలో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో జిమ్ వాకర్ అనే ఆయన దీన్ని అమ్మకానికి తెచ్చి, పేటెంటు కూడా తీసుకున్నాడు. అదే రాష్ట్రంలో ఓబా సెయింట్ క్లెయిర్ అనే ఆయన అంతకు ముందే, 1930లలోనే ఇలాంటిది ఎగరేశాడని 1955లో కోర్టులో తేలింది, పేటెంటు చెల్లలేదు. ముందు చేసినవాడి పేరు బయటికి రావడానికి కోర్టు కేసు కావాల్సి వచ్చిందన్నమాట.

మనకు వచ్చిన కిట్టు పేరు రింగ్‌మాస్టర్. 1950 ప్రాంతంలో మాట్ కానియా గీసిన డిజైను. రెక్కల పొడవు 42 అంగుళాలు, అంటే మీటరుకు కొంచెం ఎక్కువ. బాడీ గుండ్రంగా ఉండదు, పీట చెక్కలాగా ఒకే పలక. రెక్క పైనా కిందా ఒకే వంపు, అందుకే తలకిందులుగా కూడా ఎగురుతుంది. ఆ రోజుల్లో కుర్రాళ్లు తక్కువ ఖర్చుతో చేసుకోవడానికి, పడ్డా మళ్లీ అతికించుకోవడానికి పుట్టిన విమానం ఇది. నేటికీ ఏటా అక్టోబరులో రోజులు నిర్ణయించుకుని దేశదేశాల్లో ఉన్న అభిమానులు ఎవరి ఊళ్లో వాళ్లు రింగ్‌మాస్టర్లు ఎగరేసి, మొత్తం ఎన్నిసార్లు ఎగిరాయో లెక్క కడతారు. బీరువాల్లో ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టడం లేదు.

పెట్టె విప్పే ముందే మాకు రెండు సలహాలు వచ్చాయి. ఒక సీనియర్ అన్న ఫోన్ చేసి, "విప్పకండి తమ్ముడూ, సీలు తీయని పాత కిట్లకు అక్కడ మంచి రేటు ఉంటుంది, దాచితే ఇంకా పెరుగుతుంది" అన్నారు. అది నిజమేనని తర్వాత తెలిసింది. అలాంటివి సేకరించేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఇచ్చిన అన్నను అడిగితే, "అమ్ముకోవడానికైతే నేనే ఉంచుకునేవాణ్ణి కదరా" అని నవ్వారు. ఆయన షరతు వేరు: "ప్లాన్‌లో ఎట్లా ఉంటే అట్లా చేయండి. ఒక్క ముక్క మార్చొద్దు." ఈ రెండో మాట మీద మాకూ ఆయనకూ నెలరోజులు వాదన నడిచింది. ఆయన మీద గౌరవం ఉంచుకునే వాదించాం.

ఒక్క ముక్క మార్చకుండా చేయడం సాధ్యం కాలేదు. ఆనాటి కిట్లలో చాలావాటికి ఉన్న జబ్బు ఒకటి ఉంది. రెక్కలోని రిబ్బులు పలకలోంచి అచ్చుతో నొక్కి కోసి ఇచ్చేవారు. అచ్చు పదును తగ్గేకొద్దీ అది కోయడం మాని నలిపేది. మా పలకల్లోనూ సగం రిబ్బుల అంచులు నమిలి ఉమ్మిన చెరకు పిప్పిలా ఉన్నాయి. మాకు మోడలింగ్ నేర్పింది ఎన్‌సిసి ఎయిర్ వింగ్ ఏరోమోడలింగ్ ఇన్‌స్ట్రక్టర్ గారు. మాలో ఇద్దరు అక్కడ క్యాడెట్లు. వాయు సైనిక్ క్యాంపుల్లో కంట్రోల్ లైన్ పోటీ ఉంటుంది కాబట్టి ఆయనకు ఇది కొట్టిన పిండి. "నలిగిన చోట తడిగుడ్డ అద్దండి, కర్ర ఉబ్బుతుంది" అన్నారు. కొన్ని అలా బాగుపడ్డాయి. మిగతావాటిని కొత్త బాల్సాలో కోయాల్సి వచ్చింది.

బాల్సా అంటే దక్షిణ అమెరికా చెట్టు. ఈక్వడార్ నుంచి ఎక్కువగా వస్తుంది. మనవైపు దొరికే కర్ర దేనితోనూ దీన్ని పోల్చలేం. టేకు ఘనపు మీటరు 600 కిలోలు దాటితే, విమానాలకు వాడే తేలిక బాల్సా 100 నుంచి 130 కిలోలే ఉంటుంది. ధర మాత్రం టేకును మించి ఉంటుంది. అందుకని ఒక్క రిబ్బు కూడా వృథా కాకుండా చేశాం. ప్లైవుడ్‌తో రిబ్బు ఆకారంలో రెండు అచ్చులు చేసి, మధ్యలో బాల్సా ముక్కలు పేర్చి, రెండు బోల్టులతో బిగించి, దొంతరంతా ఒకేసారి గరుకు కాగితంతో రుద్దాం. విప్పితే అన్నీ కవలపిల్లల్లా వచ్చాయి. ప్లాన్‌ను ముందు జిరాక్స్ తీయించి దాని మీద పెట్టి చూస్తే ఒక్కటీ సరిపోలేదు. మేమేదో తప్పు కోశామని రెండు రోజులు ఒకరినొకరు తిట్టుకున్నాం. చివరికి స్కేలు పెట్టి చూస్తే జిరాక్సే కొంచెం సాగి వచ్చింది. తర్వాత అసలు కాగితం మీద ట్రేసింగ్ పేపరు పరిచి చేత్తో ఎత్తాం.

ఇక్కడిదాకా మార్పు కాదు, మరమ్మతు. అన్న ఒప్పుకున్నారు. తర్వాతది ఒప్పుకోలేదు.

ప్లాన్‌ను నెలల తరబడి చూశాక మాకు ఒక సంగతి అర్థమైంది. ఆ కాగితం మీద మూడు రకాల గీతలు ఉన్నాయి. డిజైనరు ఆలోచించి గీసినవి కొన్ని. రెక్క ఆకారం, తోక ఎంత దూరంలో ఉండాలి, బరువు ఎక్కడ నిలవాలి, ఇవన్నీ ఆయన తెలివి. పెట్టె ధర పెరగకూడదని పెట్టినవి కొన్ని. తోకకు వాడిన పలుచని పలక, చిన్న బెల్ క్రాంక్ ఆ కోవలోవి. ఆ రోజుల్లో అంతకంటే తెలియక పెట్టినవి ఇంకొన్ని. మొదటి రకాన్ని ముట్టుకోకూడదు. మిగతా రెండింటినీ ముట్టుకోవచ్చు, ముట్టుకోవాలి కూడా. మూడింటినీ ఒకే గీతగా చూసి దండం పెడితే మాట్ కానియాకు గౌరవం ఇచ్చినట్టు కాదు, అట్టపెట్టె ఖర్చు లెక్క చూసిన గుమస్తాకు కూడా కలిపి ఇచ్చినట్టు.

ఇదే మాట అన్నకు ఫోన్‌లో చెప్పాం. కాసేపు మాట్లాడలేదు. "సరే, బయటి ఆకారం మారకూడదు" అన్నారు. అది న్యాయమైన షరతు.

అయితే మొదటిసారి మేం చేసిన 'మెరుగులు' చూస్తే ఆయన భయమే నిజమని ఎవరైనా అంటారు. ముక్కు దగ్గర బాడీ బలహీనంగా ఉందని తెలుసు. ఒకే పలక కావడంతో ఇంజిను అదురుకు వణుకుతుంది, ఆ వణుకుకు ట్యాంకులో ఇంధనం నురగ కడుతుంది. అందుకని వడ్రంగి షాపులో మిగిలిన 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తెచ్చి రెండు పక్కలా తోకదాకా అతికించాం. రెక్క అతుకుల మీద ఎరాల్డైట్ ధారాళంగా పోశాం. పైన మూడు పూతల ఎనామిల్ రంగు. ఎక్కడ వీలైతే అక్కడ ఏదో ఒకటి కలిపాం. మెస్‌లో కందిపప్పు తూచే ఎలక్ట్రానిక్ కాటా మీద పెడితే 1,080 గ్రాములు చూపించింది. 850 దగ్గర ఉండాల్సింది. "ఏం కాదులే" అనుకున్నాం.

గాల్లోకి లేచింది. లేచిందంటే, గేదె చెరువులోంచి లేచినట్టు. నాలుగు చుట్లు తిరిగాక లూపు కొట్టించాం. లూపు పైభాగం బాగానే వచ్చింది. కిందికి వచ్చేటప్పుడు ఆ బరువుకు వంపు సరిపోలేదు, నేల ముందే వచ్చింది. ప్రొపెల్లర్ రెండు ముక్కలైంది, ముక్కు విరిగింది, కుడి రెక్క చీలింది. హ్యాండిల్ పట్టుకున్నవాడు అక్కడే కూలబడ్డాడు. అమెరికా నుంచి వచ్చిన వస్తువు విరగ్గొట్టామని ఆ రాత్రి ఎవరమూ అన్నం సరిగా తినలేదు. ఏమంటారో అని ఇన్‌స్ట్రక్టర్ గారి ముందు నిలబడితే, ఆయన విరిగిన ముక్కలు చూసి అడిగిన మొదటి ప్రశ్న, "ఇంత ప్లైవుడ్ ఎవరేయమన్నార్రా?"

రెండోసారి కలపడం కంటే తీసేయడం ఎక్కువ చేశాం. మిల్లీమీటరు కూడా లేని పలుచని ప్లైవుడ్‌ను ముక్కు నుంచి రెక్క మధ్యదాకా మాత్రమే వేశాం. ఇంజిను కూర్చునే గట్టి కర్ర దిమ్మెలను రెక్కలోకి కాస్త పొడిగించాం. అదురు అక్కడ ఆగిపోయింది. తోక పలకను కొంచెం మందమైన, అంతకంటే తేలికైన బాల్సాతో మార్చాం, ఇప్పుడు ఎండకు వంకర పోవడం లేదు. బెల్ క్రాంక్ 3 అంగుళాలది పెట్టాక చేయి కదిలితే విమానం ఉలిక్కిపడడం పోయింది. తీగలు రెక్క చివర బయటికి వచ్చే చోటును ముందుకూ వెనక్కూ జరుపుకునేలా చేశాం, ప్లాన్‌లో అది ఒకేచోట స్థిరంగా ఉంది. బయటి రెక్క చివర్లో చేపల వలకు కట్టే సీసపు గుళ్లు ఒక ఔన్సు దాకా పెట్టాం, లోపలి వైపు తీగల బరువుకు అది సరిజోడు. రంగు మానేసి ఇస్త్రీపెట్టెతో అతికే ప్లాస్టిక్ కవరింగ్ వేశాం. మన హాస్టల్లో ఇస్త్రీ రానివాడు ఎవడు? రెక్క అద్దంలా వచ్చింది. కాటా మీద 870 గ్రాములు.

మాకు అన్నింటికంటే నచ్చింది ట్యాంకు కథ. పాతకాలపు ట్యాంకులో ఇంధనం తగ్గేకొద్దీ దాని మట్టం దిగి, ఇంజినుకు అందేది తగ్గి, చివరి చుట్లలో విమానం పిచ్చి వేగంతో పరుగెత్తుతుంది. దీనికి మోడలర్లు యూనిఫ్లో అనే పద్ధతి కనిపెట్టారు. గాలి లోపలికి వచ్చే గొట్టం కొసను, ఇంధనం బయటికి వెళ్లే గొట్టం కొస పక్కనే పెడతారు. గాలి అక్కడే లోపలికి వస్తుంది కాబట్టి ట్యాంకు నిండుగా ఉన్నా అడుగంటినా ఆ చోట ఒత్తిడి ఒక్కటే. ఇది మన డిగ్రీ ఫిజిక్స్‌లో వచ్చే మారియట్ సీసా! 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త సూత్రం. 5 మార్కుల ప్రశ్నకు బట్టీ పట్టాం గాని, అది ఎందుకు పనికొస్తుందో స్టవ్వులు బాగుచేసే షాపు అరుగు మీద, ఆయన రేకు ట్యాంకుకు మాటు వేస్తుంటే తెలిసింది. ట్యాంకు ఎత్తు కూడా ముఖ్యమే. తలకిందులుగా ఎగిరినప్పుడు ఇంజిను మామూలుకంటే వేగంగా తిరిగితే ట్యాంకు ఎత్తుగా ఉన్నట్టు. మేం కింద పెట్టిన అట్టముక్కలు తీస్తూ, వేస్తూ నాలుగు సాయంత్రాలకు సరిచేశాం.

ఇంజిను గురించి చెప్పకపోతే దానికి కోపం వస్తుంది. కిట్టుతోపాటు అన్న ఇచ్చిన పాత ఫాక్స్ 35. 1940ల చివర్లో వచ్చిన నమూనా. 6 సిసి లోపే, అంటే టీవీఎస్ 50 మోపెడ్ ఇంజిన్‌లో ఎనిమిదో వంతుకు అటూ ఇటూ. చేతికి వచ్చినప్పుడు కదల్లేదు. ఎప్పుడో వాడిన ఆముదం లోపల వార్నిష్‌లా గట్టిపడింది. ఇస్త్రీపెట్టె మీద పెట్టి వేడిచేస్తే మెల్లగా ఊపిరి తీసుకుంది. అవును, ఆముదమే. ఈ ఇంజిన్ల ఇంధనం మిథనాల్, అందులో కందెనగా ఆముదం. మిగతా వంటనూనెలు మిథనాల్‌లో సరిగా కలవవు, ఆముదం కలుస్తుంది. ప్రపంచంలో ఆముదాలు అందరికంటే ఎక్కువ పండించేది మన దేశమే. మాలో పాలమూరు, నల్లగొండ వాళ్లకు ఆముదపు చేను కొత్త కాదు. ఒకడు ఉత్సాహంగా ఇంటి నుంచి అమ్మమ్మ వండిన ఆముదం సీసా తెచ్చాడు. అది తలకు రాసుకోవడానికి మంచిది, ఇంజినుకు పనికిరాదు. నీళ్లు, జిగురు లేని శుద్ధి చేసిన రకం కావాలి. మూడు పాళ్లు మిథనాల్, ఒక పాలు ఆముదం. మిథనాల్ విషం, కొద్దిగా లోపలికి వెళ్లినా చూపు పోవచ్చు. అందుకే ఇన్‌స్ట్రక్టర్ గారే కలిపి, తన దగ్గరే తాళంలో ఉంచి, ఎగరేసే రోజు మాత్రమే తెచ్చేవారు. తాళం వేయాల్సిన వస్తువంటే అదీ.

ఎగరేసే ముందు ప్రతిసారీ లాగుడు పరీక్ష చేస్తాం. తీగల పొడవు 60 అడుగులు. ఒక చుట్టు ఐదున్నర సెకన్లలో తిరుగుతుంది, అంటే గంటకు 75 కిలోమీటర్ల వేగం. ఆ వేగంలో విమానం చేతిని 2 కిలోలకు పైగా బలంతో లాగుతుంది. విన్యాసాల్లో ఇంకా పెరుగుతుంది. అందుకని విమానం బరువుకు 10 రెట్లు లాగి చూడాలి. మెస్ స్టోరులోని కొక్కెం కాటా తగిలించి 10 కిలోలు వచ్చేదాకా లాగుతాం. స్టోరు కీపరు అన్న మొదట్లో గొణిగేవారు, ఇప్పుడు ఆయనే వచ్చి ముల్లు చూస్తున్నారు. ఇంకొకటి: మన హాస్టల్ వెనక ఖాళీస్థలం మీదుగా కరెంటు తీగలు పోతున్నాయి. అక్కడ దీన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ఎగరేయకూడదు. చేతిలో ఉన్నవి స్టీలు తీగలు. అందుకే కాలేజీ గ్రౌండ్‌కు నడిచి వెళతాం.

ఈ కాలంలో డ్రోన్లు ఉండగా తాడు కట్టిన విమానం ఏమిటని మీటింగులో ఒకరు నవ్వారు. డ్రోన్ మంచిదే. మాలో ఒకడికి డ్రోన్ కంపెనీలో ఉద్యోగం చేయాలని కోరిక కూడా. కానీ డ్రోన్‌ను వదిలేస్తే లోపలి కంప్యూటరు దాన్ని గాల్లో నిలబెడుతుంది. దీన్ని వదిలేస్తే పడుతుంది. గాలి ఎటునుంచి వస్తోందో, తీగ ఎంత బిగుతుగా ఉందో, ఇంజిను గొంతు ఎప్పుడు మారిందో అరచేతికే తెలియాలి. మట్టంగా ఎగిరేటప్పుడు బొంగురుగా ఉండే ఆ గొంతు, ముక్కు పైకెత్తగానే తేటపడుతుంది. మూడో చుట్టుకు తల తిరుగుతుంది, పదో చుట్టుకు ఆ తిరగడమే మరిచిపోతాం. రెండోసారి కట్టిన విమానం మొదటి రోజే 40 చుట్లు తిరిగి, ఇంధనం అయిపోయి, నిశ్శబ్దంగా జారుతూ వచ్చి దిగింది. అన్నకు వీడియో పంపిస్తే మూడుసార్లు చూశానని చెప్పి, "ఆ తోక మీరు మార్చింది నాకు కనపడనే లేదు" అన్నారు. దాన్ని మేం మెచ్చుకోలుగానే తీసుకున్నాం.

కమిటీ పెద్దలకు మా మనవి ఇది. బోర్డు రాయించండి, అన్న పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. బీరువాలో మాత్రం ప్లాన్ కాగితం పెట్టండి, దాన్ని నిజంగానే కాపాడాలి. పాత అట్టపెట్టె పెట్టండి. విరిగిన మొదటి ప్రొపెల్లర్ కూడా పెట్టండి, దాని కింద మా ఏడుగురి పేర్లు రాసినా సిగ్గుపడం. విమానాన్ని మాత్రం వచ్చే బ్యాచ్‌కు ఇవ్వండి. వాళ్లు విరగ్గొడతారు, అందులో అనుమానం లేదు. రిబ్బుల అచ్చులు, ట్రేసింగ్ కాగితాలు, ఏది ఎందుకు మార్చామో రాసిన నోటుపుస్తకం స్టడీ హాల్లో కిటికీ పక్క అరలో పెట్టాం, తాళం లేదు. అందులో మేం తప్పు చేసినవి వాళ్లకు కనిపించాలి. ఉదాహరణకు తీగలు బయటికొచ్చే చోటు మేం ఇంకా వెనక్కి జరపాలేమోనని మాలో ఇద్దరికి అనుమానం, ముగ్గురు ఒప్పుకోరు, ఇద్దరు ఏ సంగతీ చెప్పడం లేదు.

ఆ మైక్రోస్కోపు కవరు కూడా పనిలో పనిగా విప్పితే బాగుంటుంది.

వార్షికోత్సవం రోజు సాయంత్రం సభ మొదలయ్యే ముందు, 4 గంటలకు, గాలి ఎక్కువ లేకపోతే కాలేజీ గ్రౌండ్‌లో ఎగరేస్తాం. చూసేవాళ్లు సున్నంతో గీసిన వలయం బయటే నిలబడాలి, చిన్నపిల్లలను చేయి పట్టుకుని ఉంచాలి. హ్యాండిల్ పట్టుకుని చూడాలనుకునే అన్నలు ముందుగా పేరు ఇవ్వండి, మాలో ఒకరు వెనక నిలబడి మీ చేయి పట్టుకుంటాం. చెప్పులతో రావద్దు, తిరిగేటప్పుడు జారతాయి. బూట్లు వేసుకు రండి.